అద్దంలో పైడిరాజు

మా క్యాంటీన్ కోడి చచ్చిపోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఫోటో చూసి తెలుసుకున్నాను.

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక లాబొరేటరీలో నేను ఫోటో రసాయనాల మీద పని చేస్తాను. ఈ రోజుల్లో ఫిలిం ఎవరు వాడతారని మీరు అడగొచ్చు. మా డైరెక్టరుగారు ఏడాదికోసారి అదే అడిగేవారు. అప్పట్లో నేను వెండి లవణాలలో ఇంకో పదార్థం కలిపి, పుస్తకమంత గాజు పలకల మీద పూసి, మసక వెలుతురులో బొమ్మ ఎంత బాగా పడుతుందో చూస్తున్నాను. కదలకుండా నిలబడే ఓపిక మా సహోద్యోగుల్లో ఎవరికీ లేకపోవడంతో క్యాంటీన్ వెనక తిరిగే రెండు కోళ్ళని తీశాను. బొమ్మ బాగానే పడింది. సోమవారం వచ్చి చూస్తే పలక మీద ఒక కోడే ఉంది. రెండోది ఉన్నచోట దాని ఆకారంలోనే తెల్లటి ఖాళీ. వెనక గోడ, గంప, చల్లిన నూకలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. క్యాంటీన్ ఆయన్ని పిలిచి అడిగితే, ఆదివారం చుట్టాలొచ్చారండీ అని నవ్వాడు.

ఆరు నెలలు ఎలకల్నీ, పీతల్నీ, కుండీలో మొక్కల్నీ తీశాను. ప్రతిసారీ అదే జరిగింది. ప్రాణమున్న ప్రతిదాని ఒంటి నుంచీ కంటికి ఆనని సన్నటి వెలుగు వస్తుంది. అందులో వింతేమీ లేదు. మా పలక మామూలు వెలుగుతో పాటు దాన్నీ పట్టుకుంటోంది. పట్టుకున్నాక వదలడం లేదు. అక్కడ ప్రాణం ఆగిన క్షణాన ఇక్కడ ఆ మేరకు నలుపు విరిగిపోతోంది. మధ్యలో ఎన్ని మైళ్ళున్నా అంతే. ఇదెలా సాధ్యమో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. దాన్నుంచి కాపీ తీస్తే అది మామూలు ఫోటోయే అవుతుంది, దానికీ మనిషికీ సంబంధం ఉండదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒక రోజు మా అసిస్టెంటు ఒక పలకని మరిచిపోయి స్టవ్ పక్కన పెట్టింది. కాసేపటికి పలక మీద కోడి మాయమైంది. మేం కంగారుపడి బయటికి పరిగెత్తితే అది పెంటకుప్ప మీద నిక్షేపంగా కెలుక్కుంటోంది. వేడి తగిలినా ఆ నలుపు విరుగుతుందన్నమాట. ఆ రోజు నుంచి పెట్టెల మీద ‘వేడికి దూరంగా ఉంచండి’ అని ఎర్ర సిరాతో రాయించాను. దీనికి ఊపిరి పలక అని పేరు పెట్టింది మా అసిస్టెంటే.

మా తమ్ముడు పైడిరాజు సెలవులకి వచ్చినప్పుడు ఈ కోడి కథ నవ్విద్దామని చెప్పాను. వాడు నవ్వలేదు.

మా నాన్నకి విజయనగరంలో ఫోటో స్టూడియో ఉండేది. ఆయన పోయాక అందులో రసాయనాలు నాకు పట్టుబడ్డాయి, కెమెరా వాడికి పట్టుబడింది. వాడు యుద్ధాలు జరిగే దేశాలకి వెళ్తాడు. అయితే తుపాకులనీ శవాలనీ తీయడు. యుద్ధం జరుగుతుండగా రొట్టెలు కాల్చేవాళ్ళని, దుప్పట్లు ఉతికేవాళ్ళని, మెట్ల మీద కూచుని చీట్లపేక ఆడేవాళ్ళని తీస్తాడు. ఈసారి వెళ్ళబోయే దేశం పేరు నేనిక్కడ చెప్పను. పేరు చెప్తే మీరు ఏ పక్షమని అడుగుతారు, అక్కడితో ఈ కథ ఆగిపోతుంది.

“సచ్చిపోయినోళ్ళని అందరూ తీస్తన్నారక్కా,” అన్నాడు వాడు. “పేపరు సదివీవోళ్ళు అలా సూసి ఇలా పేజీ తిప్పెస్తన్నారు. బతికున్నోడు బతికే ఉన్నాడని సూపించే పలక నీ దగ్గరుంది. వీళ్ళు ఉన్నారు, ఇంకా ఉన్నారు అని రోజూ సూడొచ్చు. నాకియ్యవా?”

ఇచ్చాను. అరవై పలకలు ఇచ్చాను. చేసిన వస్తువుకి పనికొచ్చే పని దొరికిందని గర్వపడ్డానే తప్ప, వాటి ముందు నిలబడి చూసేవాళ్ళ గతేమిటని ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఒక్క తెలివైన పని మాత్రం చేద్దామనుకున్నాను. వాడు బయల్దేరే ముందు వాడిదే ఒక పలక తీస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

“పెయానమయ్యేవోడిని ఫోటో తియ్యకూడదే. మీ నాన్న కూడా తీసీవోడు కాదు,” అంది.

నిజమే, మా స్టూడియోలో అదొక పట్టింపు. రైలెక్కబోయేవాళ్ళు వస్తే నాన్న ఏదో సాకు చెప్పి పంపేసేవాడు. నేను ఇన్ని పరిశోధనలు చేసి కూడా ఆ మాటకి తలొగ్గాను.

రెండు నెలల్లో పలకలు రావడం మొదలైంది. ఫోటోలో ఉన్నవాళ్ళెవరో వెనక రాయాలన్నది నాన్న నియమం, వాడు దాన్ని తప్పలేదు. ‘రొట్టెల కొట్టు దగ్గర వరస. రుమాలు కట్టుకున్నావిడ అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక నిలబడుతుంది. ఆవిడకి కబుర్లు కావాలి.’ ‘మెట్ల కింద బడి. పంతులమ్మకి చత్వారం, అద్దాలు పగిలాయి, లెక్కలు పిల్లలే చదివి పెడతారు.’ ‘నాలుగంతస్తుల మేడ, ఆదివారం, గుడ్డలారేసే రోజు.’ ఆ మేడ ఏడు కిటికీల్లోంచి ఏడుగురు తొంగిచూసి నవ్వుతున్నారు. వాడు కిందనుంచి ఏదో హాస్యమాడి ఉంటాడు.

యాభై మూడో పలక ఒక సెలూన్. తెల్ల కోటు వేసుకున్న ముసలాయన కత్తెర పట్టుకుని ఉన్నాడు, కుర్చీలో ఎవరూ లేరు. కుడిపక్క గోడకి పెద్ద అద్దం. ఆ అద్దంలో, కెమెరా గుండెలకి ఆనించుకుని, ఎప్పటిలాగే గడ్డం పెంచుకుని మావాడు. అద్దంలో తన నీడ పడకుండా చూసుకోవడం ఫోటోగ్రాఫరు నేర్చుకునే మొదటి పాఠం. కావాలనే నిలబడ్డాడు. వెనక ఇలా రాశాడు: ‘ఇది అమ్మకి. బాంబులు పడ్డా పడకపోయినా ఈ ముసలాయన తొమ్మిదింటికి కొట్టు తెరుస్తాడు. అద్దంలో ఉన్నది నేనే. నేను నల్లగా ఉన్నంతకాలం బెంగ పెట్టుకోవద్దని చెప్పు.’

ఆ తర్వాత వారానికి ఆ ఊరిని నాలుగు వైపులా చుట్టుముట్టారు. ఫోన్లు పోయాయి, ఉత్తరాలు పోయాయి. వాడి ఫోటోలు కొనే ఏజెన్సీవాళ్ళు మాకూ ఏమీ తెలీదన్నారు. వాడు ఉన్నాడో లేడో ఈ ప్రపంచంలో చెప్పగలిగింది ఆ పలక ఒక్కటే.

అమ్మ నాతోనే మా క్వార్టర్‌లో ఉంటుంది. పలకని హాల్లో తగిలించాను. మధ్యాహ్నం అక్కడికి ఎండ వస్తుంది కనక ఎండ తగలకుండా, వేడి తగలకుండా చూడమని పదిసార్లు చెప్పాను. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో ఒక పెద్ద గ్యాలరీ వాళ్ళు మిగిలిన పలకలతో ప్రదర్శన పెడతామన్నారు. పలకల సంగతి చూసుకోవడానికి నలభై రోజులు నేనక్కడ ఉండాలి. వెళ్ళనా వద్దా అని తటపటాయిస్తే అమ్మే వెళ్ళమంది. వాడు అంత కష్టపడి తీస్తే నలుగురూ చూడొద్దా అని దెబ్బలాడింది. నేను రోజూ పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ చేసేటట్టు, ఆవిడ పలక చూసి చెప్పేటట్టు ఒప్పందం. మూడో రోజే ఫోన్లో చెప్పింది, హాల్లో ఎండ ఎక్కువగా ఉందని పలకని ఇంట్లోకెల్లా చల్లటి చోటికి మార్చానని. మంచి పని చేశావన్నాను. ఆ చోటేదో అడగలేదు.

ప్రదర్శనలో మొత్తం మూడు వందల పదకొండు మంది మనుషులున్నారు. కాపలాకి యాదగిరి అని ఒక పెద్దాయన ఉండేవాడు. తాళం తీయగానే ఒక నోటుపుస్తకం పట్టుకుని గోడలన్నీ తిరిగేవాడు. ఆ పని ఎవరూ ఆయనకి చెప్పలేదు. అయిదో రోజున నేను వెళ్ళేసరికి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

“రొట్టెల లైన్ల రుమాల్ కట్టుకున్న పెద్దమ్మ లేదు మేడమ్,” అన్నాడు. “నిన్న పొయ్యేటప్పుడు ఉండె.”

వెళ్ళి చూశాను. వరస వరసలాగే ఉంది. చివర్న ఒక ముసలావిడ ఆకారంలో తెల్లటి ఖాళీ. ఆవిడ చేతి సంచి మాత్రం గాల్లో నిలబడి ఉంది.

రెండో వారానికల్లా జనం పెరిగిపోయారు. కొంతమంది పొద్దున్న వచ్చి సాయంత్రం దాకా ఒకే పలక ముందు ఫోన్ పట్టుకుని నిలబడేవారు, తెల్లబడే క్షణం వీడియోలో పడుతుందని. అలాంటి ఇద్దర్ని నేను బయటికి పొమ్మన్నాను. మర్నాడు ఇరవై మంది వచ్చారు. ఒక రోజు నా వయసావిడ ఒకావిడ మెట్ల కింద బడి ముందు చాలాసేపు నిలబడి నా దగ్గరికొచ్చింది. వీళ్ళకి ముందే చెప్పే ఉపాయం లేదా అని అడిగింది. పోయాకే తెలుస్తుందండీ అన్నాను. మరి మాకెందుకు చూపిస్తున్నారని అడిగింది. తగాదాకి అడిగినట్టు లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మంచినీళ్ళు కావాలా అన్నాను.

ముప్పై అయిదో రోజు మధ్యాహ్నం నేను గుడ్డలారేసిన మేడ ముందే ఉన్నాను. ఏడు కిటికీలూ ఒక్కసారిగా తెల్లబడ్డాయి. ఒకటి తర్వాత ఒకటి కాదు, ఏడూ ఒక్కసారే. ఆరేసిన దుప్పట్లు అలాగే ఉన్నాయి. ఢిల్లీలో విదేశాంగ శాఖ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఎవరో కుర్రాఫీసరు మర్యాదగానే విన్నాడు. ఆ మేడ ఏ వీధిలో ఉందని అడిగాడు. తెలీదన్నాను. అందులో మనవాళ్ళెవరైనా ఉన్నారా అన్నాడు. లేరన్నాను. సరే రాసుకుంటానన్నాడు. ఏం రాసుకున్నాడో ఆ దేవుడికెరుక.

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. తొమ్మిది గంటల ఫోన్ కాకపోయేసరికి ఆవిడ కంగారుపడుతుందేమోనని ముందే మామూలుగా మాట్లాడి, ఆ తర్వాత అడిగాను.

“ఉన్నాడే,” అంది అమ్మ. “ఉన్నాడు. నువ్వు అన్నం తిన్నావేటి?”

ప్రదర్శన ముగిసేనాటికి మూడు వందల పదకొండు మందిలో నూట ఎనభై ఆరుగురు మిగిలారు. యాదగిరి తన నోటుపుస్తకం నా చేతికిచ్చి, ఇది ఇంట్ల పెట్టుకోలేను మేడమ్ అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దున్న పదైంది. అమ్మ బాగా చిక్కిపోయింది. తలుపు తీసి, ముందు స్నానం చేసి ఏదైనా తిను అంది. నాకప్పుడే అర్థమైంది. పలకేదని అడిగాను. పూజగది వైపు చూసింది.

నేను పూజలూ అవీ చేసేదాన్ని కాదు, ఆ గదిలోకి ఏడాదికోసారి వెళ్తానేమో. గోడలో చిన్న గూడు. నిజంగానే ఇంట్లోకెల్లా చల్లటి చోటు. దేవుళ్ళ పటాలన్నీ పక్కకి జరిపి, గూట్లో వెనక్కి ఆనించి పెట్టింది పలకని. దాని కుడిపక్క, బెత్తెడు దూరం కూడా లేకుండా, ప్రమిదలో దీపం వెలుగుతోంది. అద్దంలో ఎవరూ లేరు. మావాడు ఉన్నచోట మావాడి ఆకారంలో తెలుపు.

“పది రోజులైంది,” అంది అమ్మ వెనకనుంచి. “రేపటికి పదకొండు. రేపు సెప్దాఁవనుకున్నాను. నువ్వక్కడ ఒక్కదానివి, ఎవరు పట్టుకుంటారే నిన్ను?”

పది రోజులు రోజూ తొమ్మిదింటికి ఉన్నాడే అని చెప్పిందావిడ. పది రోజులు ఒంటిపూట తింటూ, దేవుడికి దీపం మానేసి, పోయినవాడికని ఈ దీపాన్ని రాత్రీ పగలూ కొండెక్కకుండా చూసింది. పక్కింటివాళ్ళకి కూడా చెప్పలేదు. నేను గూటి ముందు నేల మీద కూచున్నాను. అక్కణ్ణుంచి చూస్తే పలక నా కంటికి సరిగ్గా ఎదురుగా ఉంది.

సెలూన్ ముసలాయన ఉన్నాడు. మొహం ఉంది, తెల్ల కోటుంది, ఎడమ చెయ్యి ఉంది. అద్దం వైపు చాచిన, కత్తెర పట్టుకున్న కుడిచెయ్యి మాత్రం మోచేతి దాకా లేదు. కత్తెర ఒక్కటే మిగిలింది.

మనిషి ఒక్క చెయ్యి మటుకే చచ్చిపోడు. నేను లేచి ప్రమిదని పక్కకి లాగేశాను. వేలు కాలింది.

“అమ్మా, ఈ దీపం ఇక్కడ ఎప్పట్నించి పెడుతున్నావు?”

మొదట్నుంచీ, అంది. పలక గూట్లోకి మార్చిన రోజు నుంచీ, వాడు క్షేమంగా రావాలని పొద్దున్నే దీపం, శుక్రవారం కర్పూర హారతి. వాడు ఎప్పుడు తెల్లబడ్డాడని అడిగాను. శుక్రవారం అంది. హారతిచ్చి, కళ్ళకద్దుకుని, కళ్ళు తెరిచేసరికి లేడట.

ఆవిడకి నెమ్మదిగా చెప్పాను. దీపం వేడికి కూడా తెల్లబడుతుందని, ముసలాయన చెయ్యి అలాగే పోయిందని. అమ్మ మొహంలోకి ఒక్కసారిగా రక్తం వచ్చింది.

“అయితే ఆడు బతికున్నట్టేనా?”

“తెలీదమ్మా.”

“సచ్చిపోనాడా?”

“తెలీదు.”

“అన్నీ సదువుకున్నావు కదే. ఏదో ఒకటి సెప్పు.”

యాదగిరి పుస్తకం తీసి ఆ శుక్రవారం చూశాను. ఆ పొద్దున్న ఆ ఊళ్ళో నా పలకల మీది మనుషులు పందొమ్మిది మంది పోయారు. అమ్మ ఆ అంకె చూసింది. నానే సెరిపీసేనా అంది చాలా మెల్లగా. కాదన్నాను, ఆ చల్లటి చోటేదో అడగనిది నేనేనన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఎవరికోసం ఏడుస్తున్నామో, ఏడవొచ్చో లేదో కూడా తెలియకుండా ఏడ్చాం.

పలకని లాబొరేటరీకి తీసుకెళ్ళి మూడు రోజులు సూక్ష్మదర్శిని కింద పెట్టాను. వేడికి విరిగిన వెండి పలుకులూ, ప్రాణం పోయి విరిగిన పలుకులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకేలా ఉన్నాయి. ఏ తేడా లేదు. మా అసిస్టెంటు మూడో రోజు సాయంత్రం ఇంక చాలండి మేడమ్ అని నా చేతిలోంచి తీసేసుకుంది. చేసింది నేను, పేరు సంపాదించింది నేను, నా తమ్ముడు ఉన్నాడో లేడో చెప్పలేనిదాన్ని కూడా నేనే. అప్పటికి ఎలకల మీదా కోళ్ళ మీదా రాసిన నా వ్యాసాలు చించిపారేయాలనిపించింది.

ఇంట్లో బట్టల బీరువా సర్దుతుంటే ఒక గంధపు చెక్కల దండ దొరికింది, కొట్టువాడిచ్చిన సంచిలోనే ఉంది. పదకొండో రోజుకని అమ్మ కొని దాచింది. దాన్నేం చేద్దామని అడిగాను. ఉండనీ అంది అమ్మ. పారేయడానికి ఆవిడకి చెయ్యి రాలేదు, పటానికి వేయడానికి నాకు నోరు రాలేదు. అది ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

పలకని తిరిగి తెచ్చి అదే గూట్లో పెట్టాను. దీపం ఇప్పుడు నట్టింట్లో ఉంటుంది. అమ్మ పొద్దున్నే పూజగది తలుపు తీసి ఆ ముసలాయన మొహం చూస్తుంది.

“ఈ సెలూనాయన్ని అడగలేమేటే?” అంది ఒకరోజు.

మావాడితో ఒకే పలక మీద పడి, ఇంకా ప్రాణాలతో ఉన్నవాడు ఆయనొక్కడే. ఆయన భాష మాకు రాదు, ఆయన ఊరికి దారి లేదు. లేదమ్మా అన్నాను.

“పోనీలే. ఆయనున్నాడంటే కొట్టు తెరిసే ఉంటాది. కొట్టు తెరిసుంటే మనోడు ఎప్పుడో ఓ పూట గెడ్డం గీయించుకోడానికి ఎల్తాడు కదే.”

ఎల్తాడమ్మా అన్నాను.

అప్పటి నుంచి మళ్ళీ రోజూ తొమ్మిదింటికి నేను లాబొరేటరీ నుంచి ఫోన్ చేస్తున్నాను. సెలూనాయన ఉన్నాడా అని అడుగుతాను, ఉన్నాడే అని అమ్మ చెప్తుంది. అయిదు నెలలుగా ఇదే. పోయిన గురువారం మాత్రం ఫోన్ ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఎత్తాక కూడా వెంటనే మాట్లాడలేదు.

“ఉన్నాడే,” అంది తర్వాత. “ఉన్నాడు. నువ్వు అన్నం తిన్నావేటి?”

లాబొరేటరీ నుంచి మా క్వార్టర్ పది నిమిషాల నడక. వెళ్ళి ఆ తలుపు తీసి చూసుకోవచ్చు. తిన్నానమ్మా అని ఫోన్ పెట్టేశాను. ఇవాళ్టికి ఆరు రోజులైంది, నేనింకా ఆ గదిలోకి వెళ్ళలేదు.